మొదటి వాక్యం

బాలానగర్‌లో మా ఆఫీసు
లేతు మిషన్ల మధ్య ఇరుక్కున్న రెండో అంతస్తు.
కింద ఇనుము తొలుస్తుంటే
పైన బల్ల మీద పెన్ను దొర్లిపోతుంది.

ఆ మంగళవారం రాత్రి కూర్చుని
పదకొండు పేజీల నివేదిక రాశాను.
కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు,
యంత్రాల పట్టిక, షిఫ్టుల పట్టిక,
మూడేళ్ల భద్రతా వారోత్సవాలు,
వ్యాసరచనలో గెలిచినవాళ్ల ఫొటో కూడా.
తొమ్మిదో పేజీ నాలుగో పేరాలో
"ఒక కార్మికుని చేతికి గాయమైనట్లు తెలియవచ్చినది.
తగు చర్యలు తీసుకొనబడుచున్నవి."

ఖమరున్నీసా మేడం చదివారు.
ముప్ఫై ఏళ్లు ఫైళ్లు తిప్పిన వేలు
అక్షరాల మీద నడుచుకుంటూ వచ్చి
అక్కడ ఆగింది.
"ఎవరికి తెలియవచ్చింది?"
నాకే.
"ఎట్లా?"
చూశాను మేడం. అప్పటికి నేల కడుగుతున్నారు.
"మరి గోడ చాటు నుంచి మాట్లాడుతున్నావెందుకు?

ముల్లు గుచ్చుకున్నా గాయమే కదా బాబూ.
ఎన్ని వేళ్లు?"
రెండు.
"ఆయనకు పేరు లేదా?"

మన భాషలో ఒక సదుపాయం ఉంది.
కర్తను ఇంటికి పంపించేసి
క్రియను ఒక్కదాన్నీ కాపలా పెట్టొచ్చు.
కవచం తొలగించబడుతుంది,
ఎవరూ తొలగించరు.
కురిసే వానకు యజమాని లేనట్టే
తెగిన వేళ్లకూ ఉండడు.
బళ్లో నేర్పలేదు ఈ విద్య,
ఉద్యోగంలో చేరిన నెలకే వచ్చేసింది.

"పెద్దసారు మెట్లెక్కుతూ చదువుతాడు,"
అద్దాలు కొంగుతో తుడుచుకుంటూ అన్నారామె.
"మూడో మెట్టు మీద ఫోన్ మోగుతుంది.
ఆ మూడు మెట్లలో ఏం చెప్పావో
అదే నీ రిపోర్టు.
మిగతాది అల్మరాకు."

వారోత్సవాలు కొట్టేశాను.
ఫొటో తీసేశాను, ఎందుకో అదొక్కటే బాధేసింది.
తెల్లారేసరికి అర పేజీ మిగిలింది.

'ముక్కలు ఎక్కువ రావాలని
షిఫ్టు ఇన్‌చార్జి నాలుగో ప్రెస్సు కవచం విప్పించాడు.
పది నలభైకి కొమురెల్లి కుడిచేతి రెండు వేళ్లు తెగాయి.
విప్పిన కవచం స్టోర్‌రూంలో నూనె గుడ్డల కింద ఉంది.
ఇంకో ఆరు ప్రెస్సులకూ కవచాల్లేవు.
వాటిని ఈరోజే ఆపాలి.'

మేడం బాగుందనలేదు.
"పది నలభై అని ఎవరు చెప్పారు?"
రిజిస్టరులో ఉంది.
"రిజిస్టరు ఎవరు రాస్తారు?"
షిఫ్టు ఇన్‌చార్జి.
ఆమె పెన్నుకు మూత పెట్టారు.

సనత్‌నగర్ ఈఎస్ఐ, మగవాళ్ల వార్డు.
కట్టుగట్టిన చేతిని దిండు మీద
నిద్రపోతున్న పిల్లాణ్ణి పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు కొమురెల్లి.
అర పేజీ చదివి వినిపించాను.
తన పేరు వచ్చినచోట కొంచెం లేచి కూర్చున్నాడు.

"గంట తప్పుంది సార్.
చాయ్ బెల్లు కొట్టినంకనే అయింది,
పదకొండు దాటింది."
దిద్దుకున్నాను.
"పొద్దుగాల్నుంచే దాని సప్పుడు మారింది.
ఇన్‌చార్జికి రెండుసార్లు జెప్పిన.
గది రాసిన్రా?"
లేదు.
"మల్ల?"

పదకొండు పేజీల్లో లేదు,
అర పేజీలోనూ లేదు.
మంచం అంచున కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని
మొదటి వాక్యానికి పైన,
అంచుకూ అక్షరాలకూ మధ్య దొరికిన సందులో రాశాను:
'ప్రెస్సు శబ్దం మారిందని కొమురెల్లి ఉదయమే చెప్పాడు.'

ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.
"సంతకం పెడత, ఇయ్యిండ్రి" అన్నాడు.

పెన్ను ఏ చేతికి ఇవ్వాలో తెలియక
కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.