ఇంటిపేరు ఆవ

అట్రాక్టా ఫోన్‌లో రెండే ముక్కలు చెప్పింది:
గడ్డినేల మధ్య పసుపుపచ్చగా ఓ గీత లేచింది,
ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది.

ముప్పయ్యేళ్ళు ఈ మేయో తీరాన ఉత్తరాలు పంచాను.
ఇప్పుడు అవే గుమ్మాలకి కలుపుమొక్కల కోసం వెళ్తున్నాను.
సైకిలు అదే. సంచీ అదే.
సంచిలో లెన్సు, ఫారాలు, ఉడకబెట్టిన గుడ్డొకటి.

నిరుడు ఆకులు రాలే రోజుల్లో కౌన్సిలు వాళ్ళొచ్చి
పొలానికి అడ్డంగా కందకం తవ్వి
నీళ్ళ పైపు వేసి పూడ్చి పోయారు.
ఆ కందకం పొడవునా,
దాని వెడల్పుకి జానెడైనా మించకుండా
మోకాలెత్తున పూలు.
అటు గడ్డి. ఇటు గడ్డి. వాన. గొర్రెలు.

తడి నేలమీద మోకరిల్లి లెన్సు తీశాను.
నాలుగు రేకులు, శిలువలాగా.
ఆరు కేసరాలు: నాలుగు పొడుగు, రెండు పొట్టి,
గ్రూపు ఫోటోలో ముందు కూర్చోబెట్టిన పిల్లల్లా ఆ రెండూ.
ఆవ కుటుంబమే, సందేహం లేదు.
కానీ ఇంటిపేరొక్కటీ తెలిస్తే ఉత్తరం చేరదు.
ఒక్క ఈ రోడ్డు మీదే పదకొండుమంది గాలహర్‌లుండేవాళ్ళు.

"లారీలోంచి రాలిన నూనెగింజలేమో?" అంది అట్రాక్టా.
నూనెగింజదైతే పై ఆకు కాండాన్ని కావలించుకుంటుంది.
ఇది కావలించుకోదు,
బస్సులో పక్కసీటు మనిషిలా ఊరికే ఆనుకుంటుంది.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు
'అడవి ముల్లంగి' అని రాసేశాను, పెన్నుతో.
ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.
ముల్లంగి పువ్వుకి రక్షకపత్రాలు నిటారుగా బిగుసుకుంటాయి,
దీనివి బార్లా చాపుకుని ఉన్నాయి కదా.
మూడు వారాలు ఆగి, కాయ పడ్డాక మళ్ళీ వెళ్ళాను.
ముల్లంగి కాయైతే పూసలు గుచ్చినట్టు నొక్కులుంటాయి.
ఇది సాపు. చివర పొడుగాటి ముక్కు.
కాండం కింద గరుకు నూగు,
కొమ్మ చీలేచోట ఊదా మరక.
రాసింది కొట్టేశాను. పొలం ఆవ.

ఆమె తమ్ముడు మలకీ గోడ దగ్గర కుర్చీలోంచి చెయ్యి చాపాడు.
ఒక ఆకు నమిలి, ఉమ్మేసి,
"ప్రాషఖ్" అన్నాడు.
ఐరిష్‌లో ఆ మాటకి గంజి అనీ అర్థముంది,
గందరగోళమనీ ఉంది.

"ఈ చేను మా నాన్న ఆఖరుసారి దున్నినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
ఓట్స్ చల్లితే ఇది లేచింది.
పిల్లలం వరసకట్టి పీకాం. ఒక్కటి మిగిలినా తన్నులే.
నాయనమ్మ మాత్రం గట్టు పక్క చాలు ముట్టుకోనివ్వలేదు.
వాళ్ళ నాయనమ్మ, దుంపలు కుళ్ళిన ఏళ్ళలో,
దీన్నే ఉడకేసుకు తిందట.
ఒళ్ళు పచ్చబడిపోయేదట."
"అది కామెర్లు," అంది అట్రాక్టా.
"నువ్వు చూశావా?"
"నువ్వు చూశావా?"

అరవై ఏళ్ళకి పైమాటే.
పోసిపోసి నొక్కిన చీకట్లో ఆవగింజలు
గడ్డి వేళ్ళ కింద వెల్లకిలా.
పైన దూడలు ఈనినా, గొర్రెలు అమ్ముడుపోయినా,
పెళ్ళి ఊరేగింపు తొక్కుకుంటూ పోయినా లేవలేదు.
పైపు కోసం పార దిగింది, వెలుగు తగిలింది, అంతే.

పీకెయ్యాలా, ఉంచాలా అని అడిగింది.
అది నా ఉద్యోగం కాదన్నాను.
రెండేళ్ళలో గడ్డి మూసేస్తుంది, పడుకుంటుంది మళ్ళీ.

ఫారంలో 'స్థానిక నామం' అని ఒక గడి.
ఎన్ని అక్షరాలో అక్కా తమ్ముడూ తేల్చుకునేలోగా
గోడమీద కూర్చుని గుడ్డు ఒలిచాను.
అట్రాక్టా వాదన ఆపకుండానే
ఉప్పు తెచ్చి పెట్టింది, నాలుగు లేతాకులతో.
చేదు. ఆ వెనకే ముక్కుకెక్కే ఘాటు.
రుచి రాసుకోడానికి గడి వెతికాను.
లేదు.