బెల్లం గిడ్డంగిలో ఈ నెల ఆటలు

పలక మీద సుద్దముక్కతో రాసేది నేనే,
గేటు కాడ టికెట్లు చించేదీ నేనే.
చిత్తూరు మండీవీధిలో ఢిల్లెమ్మ ఎవరంటే
ఎవరైనా చూపిస్తారు:
ఇనప కుర్చీ, చిల్లర డబ్బా, ఒళ్ళో టార్చిలైటు.

ఇది ముందు బెల్లం గిడ్డంగి.
ఆఖరి దిమ్మె లారీ ఎక్కి ఇరవయ్యేళ్ళయింది,
చీమలకు మాత్రం ఆ కబురింకా అందలా.
రాజు దర్బారులో కూచుని తొడ గోక్కుంటాడు,
జనం అభినయమనుకుంటారు.

శనివారం సాయంత్రం, నక్క పెళ్ళికి నాలుగు మేళాలు.
ఆదివారం పొద్దున, కుండలో రాక్షసుడు.
ఆదివారం రాత్రి, చల్లారిన సంగటి.
నడిమధ్య బుధవారం తహసీల్దారు గొడుగు.
అన్నీ చెంగల్రాయుడు సారు రాసినవే.
గొడుగు మాత్రం ఎవరికోసం రాసినాడో ఆయనకే తెలవదు,
పదకొండు మంది వస్తారు
అందులో నలుగురు ఆయన వియ్యంకుడి తట్టు.

పలకకు ఒక పక్క
'పిల్లాజెల్లాతో రండి' అని రాస్తా.
ఇంకో పక్క 'పెద్దలకు మాత్రమే'.
'మాత్రమే' కాడ
ప్రతిసారీ సుద్దముక్క విరుగుతుంది.

కుండలో రాక్షసుడు ఆటలో
ముగ్గురు మనుషులు చస్తారు, ఒక దూడ చస్తుంది.
రాక్షసుడి పొట్ట చీలిస్తే
ఎర్ర ఉన్ని పేగులు ముందు వరుస దాకా పడతాయి.
పిల్లోళ్ళు పట్టుకుని లాగుతారు,
"ఇంగా! ఇంగా!" అని కేకలు.
ఆట అయినాక ఆ పేగుల్ని ఉండ చుట్టి
మళ్ళీ పొట్టలో పెట్టేదీ నేనే.

చల్లారిన సంగటిలో ఎవరూ చావరు.
ఒక మొగుడు, ఒక పెళ్ళాం, ఒక తట్ట.
గంటా పది నిమిషాలు.
నిజం సంగటే, ఇంట్లో కెలికి తెస్తా,
ఆవిరి అందరికీ కనపడాలంట.
ఆ ఆవిరి పోయేలోగా
ఇద్దర్లో ఎవరో ఒకరు ఒక మాట అనాల.
అనరు.
అంతే కథ.
మీసాలున్నోళ్ళు కూడా కర్చీఫులు తీస్తారు,
అడిగితే లోపల ఉక్క అంటారు.

మొన్న ఆదివారం రాత్రి
గేటు కాడికి ఒక పిల్ల వచ్చి నిలబడింది.
పొద్దున ఆటకూ వచ్చిన పిల్లే,
మణికట్టుకు రాక్షసుడి పేగు ముక్క ఇంకా చుట్టుకోనుంది.
పేరు జ్ఞానప్రసూన, బళ్ళో ఉత్త ప్రసూన.
"మాయమ్మ లోపలుంది. నాయనా ఉండాడు."
నాకు తెలుసు. చించింది నేను.
రెండు టికెట్లు, రెండు వేరే చేతులు,
మూడో వరుస ఒకటి, తొమ్మిదో వరుస ఒకటి.

"లోపల రాక్షసుడు ఉండాడా?"
లేడు.
"ఎవరన్నా చస్తారా?"
లేదు పాపా.
"మరి నన్నెందుకు పోనీవు?"

పలక మీద దానికి జవాబు రాసిలేదు.
నా కుర్చీలో కూచోబెట్టినా.
కుండలో మిగిలిన సంగటి ముద్ద,
దాని మీద రోంత చెనిక్కాయల ఊరిబిండి
ఆకులో పెట్టిచ్చినా.
ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ నోట్లో పెట్టుకుంది.

లోపల ఆవిరి సన్నబడే వేళ.
రేకుల కప్పు కింద
చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం.
అప్పుడనింది పిల్ల, గొంతెత్తి, గేటు అదిరేటట్టు:
"ఉప్పు చాల్లేదు!"

నలభై ఆటల్లో నోరు తెరవని మొగిలప్ప
స్టేజీ మీద తల ఎత్తినాడంట.
ముద్ద నోట్లో పెట్టుకున్నాడంట.
"ఔను, చాల్లేదు" అన్నాడంట.
గిరిజ నవ్వు ఆపుకోలేక
కొంగు నోట్లో కుక్కుకుందంట.
ఆ తర్వాత గిడ్డంగంతా నవ్వు,
బెల్లం బస్తాలు దొర్లినట్టు, ఒకదాని మీద ఒకటి.
అది మాత్రం నేను విన్నా.

సోమవారం సారు పిలిచి తిట్టినాడు.
నాలుగేళ్ళు చెక్కిన నిశ్శబ్దమంట, నాశనం చేసినానంట.
తిట్టి తిట్టి, పోయేటప్పుడు వెనక్కి తిరిగి,
"ఇంగ మీదట సంగట్లో ఉప్పు సరిగ్గా వెయ్యి" అన్నాడు.

ఆ నవ్వులో మూడో వరుస ఉండిందో,
తొమ్మిదో వరుస ఉండిందో తెలవదు.
నేను గేటు బయటి మనిషిని.
ఆట విడిచినాక జనంలో
పిల్ల మణికట్టు మీది ఎర్ర దారం ఒకటే కనపడింది,
ఎవరి చెయ్యి పట్టుకుందో చూసేలోపల
మండీవీధి మలుపు తిరిగింది.