కాపడం

నా ఇస్త్రీపెట్టె ఏడు కిలోలు. ఇత్తడిది.
అత్త చేతినుంచి నా చేతికొచ్చింది,
పిడి కొయ్య రెండుసార్లు మారింది.
దాని వేడి తెలియడానికి నాకు మీటరక్కర్లేదు,
తడివేళ్ళతో నీళ్ళు చిలకరిస్తా.
చుక్క గోలీలా దొర్లితే నూలుకు.
చుయ్యిమంటే టెర్రికాటనుకు.
పట్టుకైతే
చప్పుడు లేకుండా ఇగిరిపోవాల.

బనశంకరి రెండో స్టేజీలో
కానుగచెట్టు కింద మా బండి, ఇరవై రెండేళ్ళుగా.
ఎదురు అపార్ట్‌మెంటుకు లిఫ్టుంది. మూటలకు మాత్రం మెట్లే.
శుక్రవారం మూడో అంతస్తు దిగతా
నలభై ఒక్క బట్టల మూట ఎదురుగా, మెట్టు కనపడక
అడుగు తప్పినా.
పిక్కలో ఎవరో దారం పట్టి లాగినట్టయింది.

ఆ రాత్రే రాళ్ళుప్పు పెనం మీద వేయించి మూటగట్టి
మా అవ్వ చేసినట్టే ఒత్తినాను.
బతుకంతా నిప్పుతో ముడతలు తీసినదాన్ని
నా కాలిలో ముడత తియ్యలేనా అనుకున్నా.
తెల్లారేసరికి కాలు సొరకాయ.
ఎర్రగా, నున్నగా,
ముట్టుకుంటే పెట్టె మూత.

క్లినిక్కులో నర్సు భాగీరథి, శివమొగ్గ మనిషి,
కన్నడంలో తిట్టింది, నాకు తెలుగులోనే తగిలింది.
"మండేదాని మీద ఇంకా బొగ్గులేసినావు.
వాపూ వేడీ దిగేదాకా చల్లన పెట్టు, గుడ్డ చుట్టి.
కాలు ఎత్తులో పెట్టి పడుకో.
అడుగు మోపలేకుంటే ఆలస్యం చెయ్యక రా,
డాక్టరు చూడాల."

జ్యూసంగడి ఇలియాసు ఐసుముక్కలిచ్చినాడు.
డబ్బులొద్దన్నాడు,
రెండు జుబ్బాలు ఊరికే ఇస్త్రీ చెయ్యమన్నాడు.

అయిదో రోజుకు వాపు దిగింది, ఎరుపు పోయింది.
కండ మాత్రం తడిసి ఆరిన గోనెసంచిలా బిగుసుకుంది.
అప్పుడు చెప్పింది భాగీరథి, ఇప్పుడు కాపడం అని.
వేడినీళ్ళ సంచి, దానికి తువ్వాలు మడత.
ముందు మణికట్టు లోపల ఆనించి చూడు.
పావుగంట, మహా అంటే ఇంకో అయిదు నిమిషాలు.
బామ్ రాసిన చోట వద్దు.
సంచి పెట్టుకొని నిద్రపోవద్దు.

నవ్వొచ్చింది నాకు.
పల్చని బట్టకు పైన గుడ్డ పరుస్తాము,
పెట్టెను ఒకే చోట నిలపము,
ఫోను మోగినా దాన్ని బట్ట మీద వదిలి పోము.
చర్మానిది కూడా ఈ పాఠమేనని
యాభై ఏళ్ళకు తెలిసింది.

పావుగంటకు వేడి లోపలికి దిగింది.
నీళ్ళు చల్లి చుట్టిపెట్టిన పంచె మెత్తబడినట్టు
పోగు పోగుగా వదిలింది కండ.

అంత హాయి పక్కనున్నోడికి పంచకుండా ఎట్ల?
మొగుడు గంగులప్ప, పన్నెండేళ్ళ షుగరు,
కాళ్ళు లాగతా ఉండాయని రోజూ అనేవాడే.
అదే సంచి పాదాల కింద పెట్టినా.
"సురుక్కుమంటే చెప్పు."
"ఏమీ లేదే. ఇంకా వేడి పొయ్యి."
పోసినా.

రాత్రి ఎవరూ అరవలేదు.
తెల్లారి దుప్పటి తీస్తే
మడమకు రూపాయి బిళ్ళంత నీటిబుగ్గ.
ఎవరి కాలో చూసినట్టు చూసి
"ఇదెప్పుడు?" అన్నాడు.

మాడే ముందు నూలు వాసన ఇస్తాది.
పట్టు, వెంట్రుక కాలిన వాసన.
నైలాను కూడా ముడుచుకొని చెప్తాది.
ఏమీ చెప్పని గుడ్డ మీద
ఇన్నేళ్ళలో నేను పెట్టె పెట్టలేదు.

భాగీరథి ఈసారి తిట్టలేదు. అదే భయమేసింది.
"తిమ్మిరెక్కిన కాలికి వేడి పెట్టరాదు చెంగమ్మా" అనింది.
ముందే ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నా,
నేను చూపించింది నా పిక్కే కదా.
ముప్ఫై ఎనిమిది రోజులు కట్టు మారింది.

నిన్న బండి తీసినాము.
మూడో అంతస్తు శైలజమ్మ చీర తెచ్చింది,
"మెల్లగా చెయ్, లేత పట్టు" అని మూడుసార్లు చెప్పింది.
సరేనన్నా. నీళ్ళు చిలకరించి చెవిపెట్టినా.
బండి వెనక గంగులప్ప బొగ్గులు విసురుతా ఉండాడు,
వట్టికాళ్ళతో, నిప్పురవ్వల మధ్య.

పెట్టె పక్కన పెట్టేసి
చెప్పులు తీసుకుపోయి
ఆయన కాళ్ళ ముందర వేసినా.