పేలని గింజల లెక్క

నెబ్రాస్కాలో డిసెంబరంటే నాలుగింటికే చీకటి.
ధాన్యపు గోదాము మీది ఎర్రదీపం తప్ప
ఊరికి ఇంకో నక్షత్రం లేదు.
వ్లాస్టా అత్త స్వెటర్ చేతులు మోచేతులదాకా లాక్కుని
ముందు మూడు గింజలు వేస్తుంది నూనెలో.
మూడే.
మూడోది పేలిందాకా
ఎవరూ మాట్లాడకూడదు.

తర్వాత గిద్దెడు.
మూత పట్టుకుని గిన్నె ఊపడం నా పని.
మొదట ఒకటి, చూరు నుంచి చినుకు జారినట్టు.
రెండు. కాసేపు ఏమీ లేదు.
ఆపైన రేకుల షెడ్డు మీద వడగళ్లు.
మూత నా అరచేతుల్ని తన్నుతుంది
లోపలెవరో తలుపు తియ్యమన్నట్టు.
"రెండు చప్పుళ్ల మధ్య ఊపిరికి చోటు దొరికితే దించెయ్" అంటుందత్త,
"ఆఖరి గింజ కోసం ఆగినవాడు
అంతా మాడ్చుకుంటాడు."

పాకం మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు.
వెన్న, బ్రౌన్ షుగర్, చెంచాడు నల్లటి చెరకు మడ్డి.
థర్మామీటరుంది సొరుగులో, అట్టపెట్టె విప్పకుండా,
పెళ్లికి ఎవరో ఇచ్చారట.
చన్నీళ్ల గ్లాసులో చుక్క వేసి చూస్తుంది:
సాగితే ఇంకా పసిది,
టక్కున విరిగితే సరే.
అప్పుడు చిటికెడు వంటసోడా.
పాకం ఒక్కసారిగా నురగెత్తి
అంచుదాకా లేచి
ఏదో అనబోయి మింగేసినట్టు ఆగుతుంది.

ఓవెన్లో గంట. పావుగంటకోసారి కలపాలి,
లేకపోతే బండరాయే.
సగానికి దాల్చినచెక్క, సగానికి మేపుల్,
పోస్టాఫీసు లియోనాకి మాత్రం కాస్త కారం.
ఎందుకని అడిగితే
అత్త ఓవెన్ వైపు చూసి నవ్వుతుంది.

మేజా నిండా రేకు డబ్బాలు.
గంటల బొమ్మది మంచు ఎత్తే ట్రాక్టరు డ్రైవరుకి,
పిల్లి బొమ్మది పళ్ల డాక్టరుకి
("పాపం, అతని వ్యాపారమూ సాగాలిగా").
అత్త చేతికి ఎముక లేదు.
సొట్టపడ్డ నీలం డబ్బాని మాత్రం చివర్న నింపుతుంది,
నలిగినవి ఏరేసి,
పెద్ద పెద్ద గుత్తులే, ఒక్కొక్కటీ చూసి.
అది రోడ్డవతల డెల్మర్ స్టోల్జ్‌ది.

పదకొండేళ్లుగా మాటల్లేవు ఇద్దరికీ.
కంచె గురించని కొందరు, కుక్క గురించని కొందరు.
పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది సరే,
ఎండుగింజ వేస్తే ఏమవుతుందో
వేసి చూసింది అత్త ఒక్కతే.
వాకిట్లో పెట్టి, బెల్లు కొట్టి,
పరిగెత్తుకు రావాల్సింది నేను.

జనవరిలో డబ్బా తిరిగొస్తుంది,
కడిగి, తుడిచి,
లోపల కాగితం పొట్లంలో పేలని గింజలు.
మొదటేడు నలభై ఒకటి.
పైన పెన్సిలుతో: "నా పన్ను విరిగింది."
అత్త కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ లెక్కపెట్టింది. నలభయ్యే.
"అబద్ధాలకోరు" అంది.
ఆ వారమే వెళ్లి జల్లెడ కొంది.
తర్వాతేడు పంతొమ్మిది.
ఆపైన ఆరు.
పోయినేడు ఒకటే గింజ,
దాన్ని దూదిలో పెట్టి పంపాడు, ముక్కుపుడకలా.

ఈ జనవరి డబ్బా బరువుగా వచ్చింది.
పొట్లం లేదు.
మూడు కండెలు, చూపుడువేలంత,
పాత ఇటుకల రంగు.
కంచె పక్కన అతను పండించినవి.
చీటీలో: "ఉప్పు తగ్గించు."

ఆ రెండు మాటల్నీ అత్త చాలాసేపు చదివింది.
తర్వాత కండెని అరచేతుల మధ్య నులిమింది.
గింజలు మేజా మీద దొర్లి
కొన్ని కుర్చీ కిందికి పోయాయి.
మళ్లీ డిసెంబరుదాకా పాకం పని లేదు,
అయినా పొయ్యి వెలిగించింది.
నూనెలో మూడు గింజలు.
నేను మూత పట్టుకున్నాను.
ఒకటి పేలింది.
రెండోది.
రోడ్డవతల వాకిట్లో లైటు వెలిగింది.
మేం మూడోదాని కోసం
మాట్లాడకుండా నిలబడ్డాం.