హాఫ్ క్లచ్

సోహార్‌లో మా బడి మేడమీద
ఒకప్పుడు క్యారమ్ బోర్డులు దాచిన గది నాది.
బోరిక్ పౌడరు వాసన ఇంకా వదల్లేదు.
తలుపు మీద కౌన్సెలర్ అని రాయించారు.
పిల్లలు మాత్రం "ఏడుపు గది" అంటారు,
నాకు వినబడదనుకుని.

కెజియా వచ్చింది నవంబరు చివర్లో.
పదో తరగతి.
కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది
దిగాల్సిన స్టాపు వచ్చేసినట్టు.

"చదివిందంతా ఉంటుంది మేడమ్.
పేపర్ బోర్లించి పెడతారు చూడండి,
గంట కొట్టేదాకా ముట్టుకోకూడదని,
ఆ తెల్లటి వీపు చూస్తుంటే
కడుపులో ఎవరో కుళాయి తిప్పుతారు.
ఇక ఓమ్ సూత్రం కూడా
ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన పక్కింటివాళ్ల పేరులా ఉంటుంది."

రాసుకున్నాను. కాసేపటికి ఆపేశాను.
నా కలం కదిలినప్పుడల్లా
ఎన్ని మార్కులు వేస్తున్నానోనని
దాని వంకే చూస్తోంది పిల్ల.

శిక్షణలో నేర్పిందే చెప్పాను:
కంటికి కనబడేవి ఐదు చెప్పు,
చేతికి తగిలేవి నాలుగు, చెవికి వినబడేవి మూడు.
ఏసీ రొద. మెట్ల మీద బూట్లు.
మూడోది దొరక్క పెదవి వణికింది.
"తప్పు చెప్పానా మేడమ్?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
మందని ఇచ్చింది ఇంకో పరీక్షై కూర్చుంది.

వాళ్ల నాన్నను పిలిపించాను.
రత్నరాజు. రాజోలు దగ్గర ఊరు.
పోర్టు దారిలో పైపుల గోడౌన్‌లో స్టోర్‌కీపరు.
నుదుటి మీద హెల్మెట్ గీత ఇంకా ఎర్రగానే ఉంది.
పిలిచింది ఫీజు బాకీకేమోనని
రసీదులన్నీ మడిచి జేబులో తెచ్చాడు.

"ఏం లోటు చేశాం మేడమ్?
ఉన్నది ఒక్క ఛాన్సు,
అదే రోజూ చెప్తున్నా దానికి."
కెజియా గోళ్లు చూసుకుంటోంది.

నేనడిగింది పెద్ద ప్రశ్నేం కాదు.
"మీకెప్పుడైనా చేతులు వణికాయా?"

చాలాసేపు టిష్యూ డబ్బా వంక చూశాడు.
"చేతులు కాదండీ, కాలు," అన్నాడు.
"డ్రమ్ముల టెస్టు."

ఇక్కడ లైసెన్సు కావాలంటే
ముందు ఇనప డ్రమ్ముల మధ్య
కారు వెనక్కి నడపాలి, ఒక్కటీ తగలకుండా.
లైసెన్సు వస్తే జీతం పెరుగుతుంది.
డేటు దొరకడం లేదని
ఏడాదిగా ఇంట్లో చెప్తున్నాడు.

"ఉస్తాద్ పక్కనుంటే బానే వస్తదండీ.
పోలీసాయన కాగితం పట్టుకు నిలబడ్డాడా,
ఎడమ కాలు నా మాట వినదు.
క్లచ్ మీద కుట్టుమిషన్ తొక్కినట్టు ఒకటే దడదడ.
ఐదు సార్లు పోయింది."

కెజియా తలెత్తింది.
"ఐదు సార్లా నాన్నా?"
"ఆరు. మొన్న బుధవారంతో."
"మరి నాకు ఒక్కటేనా?"

నవ్వు ముందు దాని ముక్కులోంచి వచ్చింది,
వెనకే ఏడుపు.
ఆయన కండువా లేని భుజం తడుముకున్నాడు.
టిష్యూ డబ్బా ఎవరి వైపు జరపాలో తెలియక
మధ్యలో పెట్టాను.

ఆ తర్వాత నా పని తగ్గిపోయింది.
సాయంత్రాలు వంటింట్లో
బియ్యం డబ్బా, నూనె టిన్ను, నీళ్ల క్యాన్లు అటూ ఇటూ పెట్టి
నడుమ కుర్చీలో నాన్న, పక్కన నిలబడి కూతురు:
"వదిలేయకు, తొక్కేయకు. హాఫ్ క్లచ్."
తర్వాత ఆయన పాత పేపరు బోర్లించి పెడతాడట,
గంట బదులు గరిటెతో పళ్లెం మోగిస్తాడట.

ప్రీ బోర్డు, సైన్సు రోజు.
వరండాలోంచి తలుపు అద్దంలో చూశాను.
గంట మోగింది. అందరూ తిప్పారు.
కెజియా తిప్పలేదు.
నా గొంతు తడారిపోయింది.
బల్ల కింద, నల్ల బూటులో ఎడమ పాదం
మెల్లగా, చాలా మెల్లగా పైకి లేస్తోంది.
ఆ తర్వాత చెయ్యి.

ఎలా రాశావని అడగలేదు. తనూ చెప్పలేదు.
బస్సుకు పరిగెడుతూ నా గుమ్మంలో ఆగి
"సోమవారం నాన్నకి మళ్లీ టెస్టు మేడమ్.
పొద్దున ఒక్క పావుగంట
మీ గది ఇస్తారా?"