రిమార్కుల గడి

ఈదులకుంట హైదరాబాద్‌లో కలిసిన రోజు
నా మెడలో ఒక కార్డు వేసి, చేతికి ఒక మిషనిచ్చారు.
అంతకుముందు ఇరవై రెండేళ్లు కారోబార్‌ని,
పన్నుల రిజిస్టర్‌ని బియ్యం సంచిలో చుట్టి
సైకిల్ క్యారేజీకి కట్టుకు తిరిగినవాణ్ణి.

ఆ రిజిస్టర్లో డిమాండు, వసూలు, బకాయి
అన్నీ అయ్యాక చివర ఒక గడి ఉండేది,
రిమార్కులని, అరచేయంత తెల్లజాగా.
"బర్రె ఈనినంక ఇస్తనన్నది."
"పెంకలు ఎగిరిపోయినయి, అడుగలే."
"తాగున్నడు. రేపు."
ఆడిటరు చదివి నవ్వేవాడు,
కొట్టేసేవాడు కాదు.

మిషన్లో మూడే గడులు:
నివాసం, వ్యాపారం, ఖాళీ.

గుమ్మడి పోశవ్వది ఇరవై మూడు గుంటలు.
నాలుగు పక్కలా ప్లాట్ల హద్దురాళ్లు, నడుమ ఆకుకూర.
చీకట్లోనే కోసి, కట్టలు కట్టి
మొదటి బస్సుకి మెహదీపట్నం రైతుబజారు పోతుంది.
పైనుంచి ఫొటో తీసినవాళ్లకు
కప్పు కనపడలేదు, గోడ కనపడలేదు.
ఖాళీ అని పడింది.

"ఖాళీనా?" అంది, కొత్తిమీర మడిలో నిలబడి,
మడిమల దాకా తడి.
"మరి నేను యాడ నిలబడ్డ?"

కట్టింది. మూడు వాయిదాల్లో, తడిసిన పది నోట్లు.
మిషన్ నోట్లు తినదు;
నా ఫోన్లోంచి కొట్టి, నోట్లు నేను ఆరేసుకున్నా.

పన్ను ఊరికే పోలేదు, పాపం.
వానలు వెనకపట్టే వేళకు
ఆమె గట్టు మీదే ఒక స్తంభం లేచింది,
దాని నెత్తిన పట్టపగలు.
ఇరవై రోజులకి పాలకూర కాడదేలి పూతకొచ్చింది.
"రాత్రయిందని దానికి ఎవరు చెప్పాలె?
నా పైసలతోనేనా గిది ఎలుగుతున్నది?"
కొంత నీదేనన్నాను.
"ఆ కొంత ఆర్పు."

ఫిర్యాదు పెడదామని కూర్చున్నా.
లైటు వెలగడం లేదు. మిణుకుతోంది. స్తంభం ఒరిగింది.
వెలుగుతోంది అనేది అందులో లేదు.
మొదటిదే నొక్కాను.
మూడోనాడు నిచ్చెనతో ఒకతను వచ్చి
తలెత్తి చూసి, ఫొటో తీసుకుపోయాడు.
సాయంత్రం జవాబు:
వెలుగుతున్నది. పరిష్కరించడమైనది.

నిన్న పొద్దుపోయాక
బకాయిల జాబితాతో అటు పోతే
పోశవ్వ వెదురుకి కొక్కెం కట్టి
ఆ లైటు మూతికి గోనెసంచి తొడుగుతోంది.
నన్ను చూసి ఆగింది.
పట్టుకొమ్మనలేదు, పొమ్మనలేదు.
మెడలో కార్డు తీసి జేబులో వేసుకుని
వెదురు మొదలు పట్టుకున్నా.

సంచి మీద యూరియా అన్న అక్షరాలు
లోపల్నుంచి ఇంకా వెలుగుతున్నాయి.
ఆమె మెడ విరిచి చూసి
"ఇంకోటి తొడుగుదమా?" అంది.