నాలుగో కుర్చీ

ఏప్రిల్లో యూనియన్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
మూడు కుర్చీలు దాటని క్షవరం షాపులు
ఇకమీదట కత్తెర పట్టినవాళ్ళవేనట.
గోడలు సర్కారువే, కప్పూ సర్కారుదే.
అద్దె కట్టు, పన్ను కట్టు,
మిగిలింది జేబులో వేసుకో.

మాకు నాలుగున్నాయి.

ఆ రాత్రి నేనూ ఆర్సేనియో
నాలుగో దాని మరలు విప్పి
వెనకగదిలోకి మోశాం.
ఇనప కుర్చీ, నిద్రపోతున్న మనిషంత బరువు.
నేలమీద నాలుగు గుంటలు మిగిలాయి.
సోషలిజం ఎక్కడ ఆగింది,
పెట్టుబడి ఎక్కడ మొదలైంది అని
ఎవరైనా అడిగితే
ఆ గుంటలు చూపిస్తాను.

మా సియెన్‌ఫ్యూగోస్ రేవులో దిగే ఓడలవాళ్ళు
సబ్బు నురగలోంచే లోకం సంగతులు చెబుతారు.
హైఫాంగ్ ఇంజనీరు ఒకడు
ఒకే జేబులోంచి రెండు కార్డులు తీశాడు.
ఒకటి పార్టీది,
ఒకటి వాళ్ళావిడ చెప్పుల ఫ్యాక్టరీది.
నార్వే వంటవాడు,
తమ సముద్రం అడుగు చమురు జనమందరిదీ అన్నాడు,
ఆ జనం డబ్బే పరాయి దేశాల కంపెనీల్లో
వాటాలు కొంటుందనీ అన్నాడు.
గ్లాస్గో ముసలాయన మాత్రం,
"లాభమొచ్చినన్నాళ్ళూ బ్యాంకు వాళ్ళదేనయ్యా,
మునిగిన రోజున అందరిదీ అయింది"
అని ఒక్కసారిగా నవ్వాడు.
కాస్తలో గొంతు తెగేది.

నాకు అర్థమైంది ఇంతే.
మిషనుకి తొడిగే దువ్వెనల మీద అంకెలుంటాయి,
సున్నా, ఒకటి, రెండు, నాలుగు.
ఏ దేశమూ నున్నగా గీయించుకోదు,
తలమీద చెయ్యి వెయ్యనివ్వని దేశమూ లేదు.
అందరూ గుడ్డ కప్పుకుని కూర్చుని
"కొంచెం, కొంచెమే" అంటారు.
తర్వాత అద్దంలోంచి
పక్కవాడి తలకేసి చూస్తారు.

ఒకసారి ఒకమ్మాయి వచ్చింది, నోటుబుక్కుతో.
దేశాలకు మార్కులు వేసే ఉద్యోగమట.
వందకి మీకెంత ఇవ్వొచ్చంది.
నేను ఆర్సేనియో వైపు చూశాను.
తోలుపట్టీ మీద కత్తి నూరుతున్నాడు,
తల ఎత్తలేదు.

చెప్పలేదు కదూ,
కాగితం మీద ఒక్క పేరే పడుతుంది.
నాణెం ఎగరేశాం. నాది పడింది.
ఇరవై రెండేళ్ళు ఒకే మందం కవర్లో
జీతం తీసుకున్న మనిషి
ఇప్పుడు శనివారం శనివారం
తన కుర్చీ అద్దె
పౌడరు డబ్బా కింద పెట్టి పోతాడు.
చేతికివ్వడు.
అతని ముందు నేను లెక్కపెట్టను.
వీధి మలుపు తిరిగాక
లెక్కపెడతాను.

బ్లేడ్లు దొరకలేదు, నూనె ధర ఎక్కింది,
పన్ను మనిషి రెండుసార్లు వచ్చాడు.
మేలో పది పెసోలు పెంచాను.
వెంట్రుకవాసి, అనుకున్నాను.
క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు,
చేసినవాడికైనా తెలుస్తుందని
ఎవరూ అనలేదు.

"దేశం సంగతి నాకు తెలీదమ్మా" అన్నాను,
"ఈ షాపు వరకైతే
ఈ కుర్చీకీ ఆ కుర్చీకీ మధ్య నాలుగడుగులు.
మేకి ముందు ఇంత దూరం లేదు."
ఆమె అది రాసుకోలేదు.
రాసుకునే గడి లేదు కాబోలు.

ఆగస్టులో కరెంటు పోయిన ఒక సాయంత్రం.
గిరాకీ లేదు. నా జుట్టు చెవులు దాటింది.
ఇన్నేళ్ళూ నాది అతనూ అతనిది నేనూ కత్తిరించాం,
మే నుంచి ఎవరమూ అడగలేదు.
వెనకగదిలోకి పోయి
ఏ లెక్కలోనూ లేని ఆ కుర్చీలో కూర్చున్నాను.
కాసేపటికి కొవ్వొత్తి వచ్చింది,
దాని వెనక ఆర్సేనియో, కత్తెర.
"ఎంత?" అన్నాడు.
పొడుగు అడిగాడో, ఇంకేమైనా అడిగాడో.
"నీ ఇష్టం" అన్నాను.

చాలాసేపు కత్తెరే మాట్లాడింది.
మెడమీద అతని చెయ్యి
పాత చెయ్యిలాగే ఉంది.

శనివారం పౌడరు డబ్బా ఎత్తి చూశాను.
పది పెసోలు తక్కువ.
బోర్డు మీద రాసిన రేటే.
ఒక్క సెంటావో కూడా ఎక్కువ పట్టుకోలేదు.